తుప్పురాజు ఏడ్చిన భాగం

స్టూడియో, నాలుగో అంతస్తు
జనవరి 9

అక్కా,

ఫోన్లో మాట్లాడుకుంటే రెండో నిమిషానికల్లా మనిద్దరం దెబ్బలాడుకుంటాం. అందుకే కాగితం. పైగా ఇక్కడ పొద్దున లోపలికి రాగానే ఫోన్లు పెట్టెలో పెట్టించేస్తారు, కథ ఎక్కడ బయటికి పొక్కుతుందోనని.

సంగతేమిటంటే 'గాజుకొండ వీరులు' మళ్ళీ తీస్తున్నారు. దర్శకుడు ఎవరో తెలుసా? నేనే. నలభై మూడేళ్ళ వయసులో నడుముకి బెల్టు కట్టుకుని, కథానాయిక దివిటీ తన గుర్రం మీంచి ఎలా దూకాలో బల్ల ఎక్కి మరీ చూపిస్తున్నాను.

అదే బొమ్మల కంపెనీ. అప్పట్లో బొమ్మలు అమ్ముడుపోవడానికి కార్టూన్ తీశారు. ఇప్పుడు ఆ పిల్లలంతా పెద్దవాళ్ళై, పాత బొమ్మల పెట్టెలు విప్పకుండా అద్దాల బీరువాల్లో దాచుకుంటున్నారని తెలిసి మళ్ళీ తీస్తున్నారు. దర్శకత్వానికి అయిదుగురం పోటీ పడ్డాం. మిగతా నలుగురూ యుద్ధాల గురించి చెప్పారు. నేను మాత్రం తుప్పురాజు ఏడ్చిన భాగం చెప్పాను.

గుర్తుందిగా? ముట్టుకున్న ప్రతిదాన్నీ తుప్పు పట్టించే దుర్మార్గుడు. వాడికో కూతురు, ఇనప పిల్ల. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్లని ఒక్కసారైనా ముట్టుకుని ఎరగడు. చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోతాడు. చివరికి తన పగదాన్నే, దివిటీనే పిలిపించి, "మా అమ్మాయికి జడ వెయ్యి, నేను చూస్తూ ఉంటాను" అంటాడు. ఆవిడ ఆ ఇనప తీగల్ని పాయలు తీస్తుంటే వాడు ఏడుస్తాడు.

చెప్పడం అయ్యాక పని నాకే ఇచ్చారు.

మొత్తం నలభై భాగాల్లో కంపెనీ దగ్గర పదకొండే బాగున్నాయి. మిగతా టేపులు శుభ్రం చేయిస్తున్నారు. అది ఎన్నో భాగమో గుర్తుంటే రాయి. నేను తుంటి దగ్గర్నుంచి మడమ దాకా కట్టుతో మంచం మీదున్న ఆ తొమ్మిది నెలలూ, ప్రతి ఆదివారం కింద ఇంటివాళ్ళ టీవీలో చూసొచ్చి చెప్పింది నువ్వేగా. నేను లేచి నడిచేసరికి కార్టూన్ కాస్తా అయిపోయింది. నా కళ్ళతో ఒక్క భాగం చూసిన పాపాన పోలేదు.

నాన్నని అడిగానని చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదులే, ఆయన పెద్దగా పట్టించుకోడు.

నీ
చిన్నా


ఇల్లు
జనవరి 21

ఒరే చిన్నా,

ఉత్తరం అందింది. సంతోషం. బల్లలెక్కడం మాత్రం మానెయ్, నీ నడుము సంగతి నాకు తెలుసు.

నా పని మామూలే. చెవి మిషన్ల క్లినిక్కులో రోజుకి ఆరుగురు పిల్లలు. చెవిలో మెత్తటి ముద్ద నింపి, అది గట్టిపడేదాకా అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి, అప్పుడే అచ్చు సరిగ్గా వస్తుంది. నిన్న ఒక పిల్ల నా వేలు కొరికింది. ముద్ద మళ్ళీ కలిపాను.

ఎన్నో భాగమో ఏం గుర్తుంటుందిరా? ముప్పై అయిదేళ్ళు. అయినా ఆ ఒక్కదాని మీదే ఎందుకు వేలాడతావు? అప్పుడు ఎవరో రాశారు, ఇప్పుడు నువ్వు రాయి. నీకు చేతకాకనా?

నాన్న బాగున్నాడు. మోకాలి నొప్పి. నువ్వు అడిగావని చెప్పాను. "ఊఁ" అన్నాడు.

అక్క


స్టూడియో
మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం చదివితే వంటింట్లోంచి అరిచి చెప్పినట్టుంది. నేనడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి.

ఇక్కడ నా బుర్ర వేడెక్కిపోతోంది. కంపెనీ తరఫున ఒకాయన ఉన్నాడు, మేమంతా బ్రాండ్ సార్ అంటాం. సోమవారం వచ్చి, "ఈ కాలం పిల్లలు తెలివైనవాళ్ళు, కథ కొంచెం చీకటిగా ఉండాలి" అంటాడు. దివిటీ వాళ్ళమ్మని చంపేశాం. బుధవారం వచ్చి, "మరీ ఇంత చీకటా? బొమ్మల పెట్టె మీద అయిదేళ్ళ పిల్లల కోసం అని ఉంటుంది కదండీ" అంటాడు. అమ్మని బతికించాం. శుక్రవారం, "పాత అభిమానులు గుర్రం రంగు మారిందని గోల పెడుతున్నారు" అన్నాడు. గుర్రం రంగు కోసం రెండు గంటలు కూర్చున్నాం అక్కా. చదువుకున్నవాళ్ళం, పదకొండు మందిమి.

ఒక్క పిల్లని పిలిచి, "నీకేం కావాలమ్మా" అని అడిగిన నాథుడు లేడు. తీస్తున్నది నలభై అయిదేళ్ళ మగాళ్ళ కోసం. వాళ్ళకి కావలసింది కథ కాదు, తమ ఎనిమిదో ఏడు. దాన్ని నేనెక్కణ్ణించి తేను?

అసలు బాధ వేరే. టేపులు ముప్పై ఎనిమిది దాకా శుభ్రమయ్యాయి. అన్నీ చూశాను. తుప్పురాజు ఏడవడం కాదు కదా, వాడికి కూతురన్నదే లేదు! ప్రతి వారం ఒక కొత్త బండి, ఒక కొత్త కత్తి, "దీన్ని నొక్కితే తిరుగుతుంది" అన్న తంతు. నువ్వు చెప్పిన గాలిమెట్ల ఊరు లేదు. నిద్రపోని చేపలు లేవు. నాకిష్టమైనది ఒక్కటీ లేదు.

మిగిలినవి రెండే టేపులు. ఈలోగా అభిమానుల సంఘం వాళ్ళు, నేను ఒక ఇంటర్వ్యూలో ఆ భాగం గురించి చెప్పినదాన్ని పట్టుకుని, నేను అబద్ధాలకోరునని రాశారు. నాకు ఒళ్ళు మండి, "ఆ భాగం లేదని తేలితే నేను తప్పుకుంటాను" అనేశాను, నలుగురి ముందూ.

చూసినదానివి నువ్వొక్కదానివే. కెమెరా ముందు రెండు మాటలు చెప్పు: "నేను చూశాను, ఫలానా ఏడాది, ఫలానా ఇంట్లో" అని. మనిషిని పంపిస్తాను. ఎప్పుడు రమ్మంటావో రాయి.

చిన్నా


ఇల్లు
మార్చి 22

చిన్నా,

ఎవర్నీ పంపించకు.

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాస్తున్నాను. కాబట్టి కుర్చీలో కూర్చుని చదువు.

నేను చూసింది మూడు భాగాలే. మొదటి మూడు వారాలు. నాలుగో వారం వెళ్ళేసరికి ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. వాళ్ళమ్మాయి బొమ్మ చెయ్యి విరిగింది. "మీ పిల్లలకి ఆడుకోవడానికి ఏమీ ఉండవు కదా, అందుకే ఇలా చేస్తారు" అంది. నేను ముట్టుకోలేదురా. ఆ బొమ్మని దూరంనుంచి చూడటమే. చెప్పబోయాను, తలుపు వేసేసింది.

పైకి రావాలి. పైన నువ్వు. ఆదివారం కోసం శనివారం నుంచి గోడ గడియారం వైపు మెడ తిప్పి చూస్తూ ఉండేవాడివి. అరగంట అవకముందే పైకొస్తే ఏమైందని అడుగుతావు. అమ్మకి తెలిస్తే కిందకి దెబ్బలాటకి వెళ్తుంది, ఇల్లు ఖాళీ చేయమంటారు. అందుకని మెట్ల మీద కూర్చున్నాను. తలుపు వెనక పాట వినబడేది, మాటలు వినబడేవి కావు. పాట మళ్ళీ మోగితే అయిపోయినట్టు. ఆ మధ్యలో ఏం జరిగిందో నేనే కల్పించుకుని పైకొచ్చి నీకు చెప్పాను.

ఒక్క వారమే అనుకున్నాను. నువ్వు, "తర్వాత?" అన్నావు.

అలా ముప్పై ఏడు వారాలు. గాలిమెట్ల ఊరు నాది. నిద్రపోని చేపలు నావి. ఆ కూతురు నాది. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఒక్కోసారి ఏమీ తట్టక మెట్ల మీద ఏడుపొచ్చేది, పాట మోగిపోతోందని.

నీ కట్టు విప్పాక చెబుదామనుకున్నాను. నువ్వు బళ్ళో అందరికీ చెప్పుకుంటూ తిరిగావు. పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వు బొమ్మలు గీయడం మొదలుపెట్టావు, అదే పనిగా పెట్టుకున్నావు. ఇక ఎప్పుడు చెప్పను? నీ పెళ్ళిలోనా?

జనవరిలో నీ ఉత్తరం చూడగానే రాయాల్సింది. భయపడ్డాను. తప్పు నాది.

అక్క


స్టూడియో
మార్చి 29

అక్కా,

రెండు నెలలు. నేను ఊళ్ళో వాళ్ళందరితో కుస్తీ పడుతుంటే నువ్వు "నాకేం గుర్తుంటుందిరా" అంటూ కూర్చున్నావు. ముప్పై అయిదేళ్ళ సంగతి నేను క్షమిస్తాను, అప్పుడు చిన్నపిల్లవి. ఈ రెండు నెలలు మాత్రం క్షమించలేను.

నిన్న పాత టేపుల గది చూసే ఆవిడ వచ్చింది. ఆఖరి రెండు టేపులూ బూజు పట్టి పొట్టు పొట్టుగా రాలిపోయాయట. వాటిలో ఏముందో ఇక చూసి చెప్పే దారి లేదు. బ్రాండ్ సార్ ఎగిరి గంతేశాడు. "దొరకని భాగం! మీరు చెప్పింది దాన్లోనే ఉండుంటుంది!" పోస్టరుకి అప్పుడే అక్షరాలు గీయిస్తున్నాడు. నిన్నటిదాకా నన్ను అనుమానంగా చూసినవాడు ఇవాళ టీ తెచ్చిచ్చాడు.

అంటే నేను నోరు మూసుకుంటే చాలు. భాగం తీయొచ్చు, ఉద్యోగం ఉంటుంది, అభిమానులు చెంపలేసుకుంటారు. నోరు మూసుకోవడమంత తేలికైన పని మనింట్లో నీకే వచ్చు, నాకు రాదు.

ఒక్కటి మాత్రం చెప్పు. పన్నెండేళ్ళ పిల్లకి ఆ చేతుల సంగతి ఎలా తట్టింది? గాలిమెట్లు సరే, చేపలు సరే. అది మాత్రం ఊరికే తట్టేది కాదు.


ఇల్లు
ఏప్రిల్ 6

చిన్నా,

సంతకం కూడా చేయలేదు. సరే, తిట్టు. నువ్వు తిట్టినంతసేపూ నాకు కాస్త తేలిగ్గానే ఉంది.

నన్నడిగితే నోరు మూసుకో. నాకు పేరక్కర్లేదు. ఆ భాగం పిల్లలు చూస్తే చాలు. నాకోసం ఉద్యోగం పాడుచేసుకోకు.

చేతుల సంగతి. రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా ఇంకో అబద్ధం నావల్ల కాదు.

నాన్న అప్పుడు బ్యాటరీల ఫ్యాక్టరీలో. ఆ ఏడాది, పక్క లైనులో పనిచేసే ఆయన కూతురికి ఒంట్లో సీసం చేరింది. తండ్రి బట్టలనుంచి, చేతులనుంచి వచ్చిందని డాక్టరు చెప్పాడట. ఆ పిల్ల మాట మానేసింది. నాన్న అమ్మతో చెబుతుంటే విన్నాను. ఆ రోజునుంచి ఆయన ఇంటికి రాగానే నీళ్ళగదిలో అరగంట ఉండేవాడు. మోచేతుల దాకా తోముకుని తోముకుని చర్మం లేచిపోయేది. అయినా నమ్మకం లేదు. నువ్వేమో ఎముక అతుక్కోక మంచం మీద. గుమ్మంలో నిలబడి, "వాడు తిన్నాడా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు.

నీకు గుర్తుండేది ఆ వెళ్ళిపోవడమే. నేను మిగతాది చూశాను. నువ్వు నిద్రపోతుంటే దుప్పటి సర్దబోయి, చెయ్యి సగంలో ఆపుకుని, నన్ను పిలిచేవాడు. ఒకరోజు నీ జుట్టు కళ్ళల్లో పడుతోంది. "వాడికి కాస్త తల దువ్వు తల్లీ" అన్నాడు. దువ్వుతుంటే అటే చూస్తూ నిలబడ్డాడు. నేను తల తిప్పి చూశాను. అంతే. ఆ ఆదివారం మెట్ల మీద నాకు వేరే ఏమీ తట్టలేదు. ఆయన నెత్తిన కిరీటం ఒకటి పెట్టి నీకు చెప్పేశాను.

ఆయన పట్టించుకోడని ఇన్నేళ్ళూ అంటూ వచ్చావు. నేను వింటూ వచ్చాను. అది మాత్రం పెద్ద తప్పు, కథలు అల్లడం కన్నా.

అక్క


స్టూడియో
మే 18

అక్కా,

ఆలస్యమైంది. నాన్న గురించి నువ్వు రాసింది చదివి నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఏమీ చేయలేదు, గదిలో కూర్చున్నాను. దాని గురించి ఇప్పుడు రాయలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మీటింగులో చెప్పేశాను. సలహాదారుగా పాత కార్టూన్ రాసిన రచయితగారిని కూడా పిలిచారు, ఎనభై ఏళ్ళాయన, చేతికర్రతో వచ్చాడు. ఆయనతో సహా అందరూ ఉన్నారు. లేచి, "ఆ భాగం ఎప్పుడూ లేదు. మా అక్క కల్పించింది" అన్నాను.

బ్రాండ్ సార్ నవ్వాడు. "బయట ఎవరికి తెలుస్తుందండీ? టేపే లేదు కదా!"

"నాకు తెలుసండీ. ఆవిడ పేరు లేకుండా ఆ భాగం తీయను."

"అయితే అది మన ఆస్తి కాదన్నమాట" అన్నాడు, నవ్వు ఆపి. "తీసేయండి."

చూశావా? అబద్ధం చెప్పినంతకాలం ఆ భాగం ఉంది. నిజం చెప్పగానే పోయింది. బల్ల మీద కాగితాలు విసిరికొట్టబోయాను. అప్పుడు ముసలాయన, "అది ఇలా ఇవ్వండి" అన్నాడు. స్క్రిప్టు తీసుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, అక్కడే మొత్తం చదివాడు. ఇరవై నిమిషాలు. అందరూ గోళ్ళు చూసుకుంటున్నారు.

"ఇది నేను రాయలేదు బాబూ" అన్నాడు. "నా బల్ల మీద వారానికో బొమ్మ పెట్టి, ఆఖర్లో ఇది గెలవాలి అనేవాళ్ళు. గెలిపించాను. వీడు ఏడుస్తాడని నాకెప్పుడూ తట్టలేదు. ఆ అమ్మాయి ఎవరో, వెళ్ళి అడిగి తెచ్చుకోండి. లేకపోతే నా పేరు కూడా తీసెయ్యండి."

ఆయన పేరు తీసేస్తే అభిమానులు ఊరుకోరు. అది బ్రాండ్ సార్‌కి బాగా తెలుసు. వచ్చే వారం నీ దగ్గరికి కాగితాలు వస్తాయి. అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టు.

తొమ్మిదో భాగంగా వస్తుంది. పూర్తిగా కాదు, నాలుగు నిమిషాలు కోసేశారు, మధ్యలో ఒక యుద్ధం ఇరికించారు. దువ్వడానికి వీలయ్యే జుట్టుతో ఇనప పిల్ల బొమ్మ కూడా చేస్తారట. నాకు ఎంత కంపరంగా ఉందో చెప్పలేను. తప్పుకుంటానన్న మాట ఎలాగూ ఉంది, ఈ పది భాగాలూ అయ్యాక నన్ను వేరే పనికి మారుస్తున్నారు. "మీకు ఆవేశం ఎక్కువ" అన్నారు. ఎక్కువే.

చిన్నా


ఇల్లు
నవంబరు 3

ఒరే చిన్నా,

నిన్న తొమ్మిదో భాగం వచ్చింది. చూశాం.

ముందు తిట్లు. ఆ యుద్ధం ఎందుకురా? కూతురు గుమ్మం వైపు చూస్తున్నప్పుడు ఒక్క క్షణం నిశ్శబ్దం ఉండాలి, అక్కడ ఢమఢమా సంగీతం కొట్టారు. అది అవగానే జుట్టు బొమ్మ ప్రకటన. టీవీ మీదకి దిండు విసిరాను. నీ చేతిలో లేదని తెలుసు, అయినా విసిరాను.

కానీ తుప్పురాజు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డ తీరు, ఒక భుజం కాస్త కిందకి వాలి... అది నువ్వు గీసిందేనని చూడగానే తెలిసింది. నాన్న అలాగే నిలబడతాడు. నేను నీకు భుజం సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నీకే గుర్తుంది.

చివర్లో నా పేరు వచ్చింది. పక్కింటి పిల్లలు కూడా మాతోనే చూస్తున్నారు. పెద్దగా చదివి, "మీరేనా?" అన్నారు. నేనేనన్నాను. చిన్నది, "తర్వాత ఏమైంది?" అని నన్ను పట్టుకుంది. వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళేదాకా వదల్లేదు.

నాన్న పక్కనే కూర్చుని చూశాడు. కథ నాదని ముందు చెప్పలేదు, ఎక్కణ్ణించి వచ్చిందో అసలే చెప్పలేదు. జడ వేస్తున్న చోట టీవీకి కాస్త దగ్గరగా జరిగాడు. అయిపోయాక, "ఇది నువ్వు రాశావా?" అన్నాడు. ఊఁ అన్నాను. "మీ తమ్ముడికి తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. ఇవాళ పొద్దున నేను ఈ ఉత్తరం రాస్తుంటే కర్రసాయంతో వచ్చి, కింద కాస్త చోటు వదలమన్నాడు. అడ్రసు రాయడానికేమో అనుకున్నాను. వదిలాను.

అక్క

చిన్నోడికి,

బొమ్మల కథ చూశాను. బాగుంది. గొడవ ఎక్కువ పెట్టారు.

ఆ రాజు దూరంగా నిలబడితే చాలదు. నిన్ను ముట్టుకోవాలంటే నాకు భయంగా ఉందని బిడ్డకి ఒక మాట చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఆ పిల్ల ఏమనేదో. నేను కూడా చెప్పలేదు.

వచ్చే ఆదివారం రా. బస్సు దిగే చోటికి నేను వస్తాను, మీ అక్క వద్దంటుంది, వినకు. వస్తున్నట్టు దానికి ముందే చెప్పు, వంట చూసుకోవాలి.

నాన్న